మొక్కు ఆయనది... నడక ఇద్దరిదీ

కర్నూలులో బస్సెక్కితే ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం సుమారు 180 కిలోమీటర్లు. ఘాట్ రోడ్డులో కడుపు తిప్పకుండా ఉంటే కూర్చున్న సీట్లోనే ఓ కునుకు తీసి మల్లన్న ఊళ్లో దిగొచ్చు. అయినా ఏటా శివరాత్రికీ, ఉగాదికీ వేల మంది ఆత్మకూరులోనే దిగిపోతారు. అక్కణ్నుంచి వెంకటాపురం చేరి, చెప్పులున్నవాళ్లు చెప్పులతో, మొక్కున్నవాళ్లు ఉత్త కాళ్లతో నల్లమలలోకి నడిచిపోతారు. నాగలూటి, దామెర్లకుంట, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాస ద్వారం... ఆ ప్రాంతపు పెద్దవాళ్లను అడిగి చూడండి, రైలు స్టేషన్ల పేర్లు చెప్పినట్టు ఒక్కటి కూడా వరస తప్పకుండా చెబుతారు. అన్నీ కలిపితే నలభై కిలోమీటర్లకు అటూ ఇటూ. కిలోమీటర్ల లెక్కలో పెద్ద దూరమేం కాదు. అడవి లెక్కలో మాత్రం చాలా దూరం.

ఈ దారి నిన్న మొన్నటిది కాదు. శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయే జనం గురించి పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో ఏకంగా పర్వత ప్రకరణమే రాశాడు. కొండవీటి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో శ్రీశైలానికీ, అహోబిలానికీ మెట్లు కట్టించాడని చరిత్ర. మద్రాసు సుప్రీంకోర్టులో పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830లో కాశీకి బయల్దేరి, ఆత్మకూరు దగ్గర పక్కకు మళ్లి, ఈ దారినే మల్లన్నను చూసి వచ్చాడు. ఆయన కాశీయాత్ర చరిత్రలో ఈ మజిలీల ముచ్చట్లున్నాయి. అప్పట్లో యాత్రికుల దగ్గర కర్నూలు నవాబు మనుషులు పన్ను పుచ్చుకునేవాళ్లు. ఇప్పుడు అటవీశాఖ వాళ్లు సంచులు వెతికి ప్లాస్టిక్కూ, అగ్గిపెట్టెలూ తీసి పక్కన పెడతారు. పన్ను కంటే ఇదే నయం.

ఇది పులుల అడవి మరి. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చిన నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంలో ఈ దారి ఒక గీత. మామూలు రోజుల్లో అడుగు పెట్టనివ్వరు. పండగ నాలుగు రోజులూ మనుషులకు వదిలి, తర్వాత మళ్లీ పులికి అప్పగిస్తారు.

అలా వదిలిన రోజుల్లో, ఓ శివరాత్రికి రెండ్రోజుల ముందు, కర్నూలు నుంచి ఓ జంట ఈ దారి పట్టింది. ఆయనకు అరవై ఒకటి. బ్యాంకులో క్యాషియరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడకు యాభై ఏడు. పెళ్లై ముప్ఫై నాలుగేళ్లు. కూతురు హైదరాబాద్‌లో, కొడుకు బెంగళూరులో. ఇంట్లో ఇద్దరే. ఉదయం కాఫీ దగ్గర పాలవాడి లెక్క, సాయంత్రం టీవీ దగ్గర రిమోట్ సంగతి... వాళ్ల మధ్య మాటలు అంతకు మించి పెద్దగా ఉండేవి కావు. పోట్లాటలూ లేవు. అదో రకం ప్రశాంతత.

ఈ నడకకు రెండేళ్ల ముందు ఆ ప్రశాంతత చెదిరింది. ఆవిడకు ఎడమ రొమ్ములో గడ్డ. పరీక్షల్లో క్యాన్సరని తేలింది. హైదరాబాద్‌లో ఆపరేషన్, తర్వాత నెలల తరబడి కీమో, ఆపైన రేడియేషన్. జుట్టంతా ఊడి మళ్లీ మొలిచింది. ఈసారి కాస్త రింగులు తిరిగి మొలిచిందని అద్దంలో చూసుకుని నవ్వుకునేంత వరకూ వచ్చిందావిడ. ఒక్క బాధ మాత్రం మిగిలిపోయింది. ఆపరేషన్‌లో చంక కింద లింఫ్ గ్రంథులు కూడా తీసేశారు. ఆ వైపు చేతిలోని నీరు పైకి పోయే దారి సన్నబడిపోయింది. బరువు మోసినా, చెయ్యి తెగినా, కాలినా, పురుగు కుట్టినా వాపు రావచ్చు. చీము పడితే మరీ కష్టం. అందుకే ఆ చేతికి గాజులు బిగుతుగా వేసుకోదు, సూది వేయించుకోదు, బీపీ చూపించుకోదు. ప్రతి శనివారం దర్జీల టేపుతో మణికట్టు దగ్గరా, మోచేతికి పైనా కొలుస్తారు. కొలిచేది ఆయన. అంకె వేసేదీ ఆయనే. క్యాషియరు కదా!

ఇక మొక్కు సంగతి. ఆయన గుడికెళ్తే బయట చెప్పుల దగ్గర కాపలా ఉండే రకం. దేవుడు లేడనీ అనరు, ఉన్నాడనీ అనరు. ‘నువ్వెళ్లి రా’ అంటారు. అలాంటి మనిషి ఆపరేషన్ రోజు థియేటర్ బయట బెంచీ మీద కూర్చుని జేబులో డైరీ తీశారు. ఆ రోజు కట్టిన డబ్బుల లెక్క కింద ఒక్క ముక్క రాశారు. ‘నడిచి వస్తాను.’ ఎవరి దగ్గరికి రావడమో, ఎక్కణ్నుంచి నడవడమో అందులో లేదు. కర్నూలోళ్లకు అది వేరే చెప్పక్కర్లేదు.

రెండేళ్లూ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. డాక్టరు ఇక ఆర్నెల్లకోసారి వస్తే చాలన్నాక ఓ రోజు భోజనాల దగ్గర, ‘ఈ శివరాత్రికి మా బ్యాంకోళ్లంతా నడిచి శ్రీశైలం పోతున్నాం’ అన్నారు.

‘నేనూ వస్తా’ అంది ఆవిడ, మజ్జిగ పోస్తూ.

బ్యాంకోళ్లెవరూ లేరని పదిహేను రోజుల తర్వాత తేలింది. ఆ పదిహేను రోజులూ ఇంట్లో యుద్ధమే. అడవన్నారు, పులన్నారు, చెయ్యన్నారు. కూతురు ఫోన్లో అమ్మని కేకలేసింది, కొడుకు నాన్నని కేకలేశాడు. చివరికి ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికే పోయారు. ‘నడక మంచిదేనమ్మా. ఆ చేత్తో మూట మోయొద్దు, గీరుకుపోకుండా చూసుకో. ముందు కాళ్లు అలవాటు చేసుకో’ అన్నాడాయన. కేసీ కాల్వ గట్టు మీద మూడు నెలలు నడిచారు. మొదట్లో రెండు కిలోమీటర్లు, పోనుపోను పది. గట్టు మీద ఆయన ముందు, ఆవిడ వెనక. ముప్ఫై నాలుగేళ్లుగా రోడ్డు మీద వాళ్ల వరస అదే.

మొదటి రోజు నడక గురించి ఎక్కువ చెప్పుకునేది లేదు. వెంకటాపురం నుంచి నాగలూటి వీరభద్రుడి గుడి దాకా బాగానే ఉంది. ఆ తర్వాత మెట్ల దారి ఎక్కుతుంటే రొప్పు వచ్చింది. సాయంత్రానికి పెద్దచెరువు చేరారు. అన్నదానం పందిట్లో వేడి వేడి అన్నం, పప్పు, ఓ తాడిచెట్టంత పొడుగు క్యూ. దుప్పటి పరుచుకుని పడుకుంటే చుట్టూ వందల మంది గురకలు. ఆ గురకల్లో పులి వచ్చినా భయపడి పారిపోతుందని ఆయన జోకేశారు. ఆవిడ అప్పటికే నిద్రపోయింది.

అసలు రోజు రెండోదే.

తెల్లారకముందే లేచారు. చెరువు మీద పొగమంచు, అందులోంచి తామరాకులు ఒక్కొక్కటే కనిపిస్తున్నాయి. గట్టు మీద చెంచులు కొందరు చలికాచుకుంటున్నారు. ఈ అడవి వాళ్లది. శ్రీశైలం మల్లయ్యను చెంచులు ‘మా అల్లుడు’ అంటారు. దేవుణ్ని అల్లుణ్ని చేసుకుంటే భయం పోయి మర్యాద మిగులుతుంది కాబోలు! అటవీశాఖలో కాపలా పని చేసేవాళ్లలోనూ చాలామంది చెంచులే. పులి ఎటు తిరిగిందో వాళ్లకు తెలిసినంతగా ఏ కెమెరాకీ తెలియదు.

ఆయన వీపు మీద ఒక సంచి, భుజానికి మరొకటి. రెండూ ఆయనవే. ఒకదాన్లో బట్టలు, దుప్పటి. మరోదాన్లో జొన్నరొట్టెలు, బుడ్డల పొడి, బొరుగులు, బెల్లం, ఆయన షుగర్ మాత్రలు, ఆవిడ మాత్రలు, దూది, మందు ట్యూబు, దర్జీ టేపు. ఆవిడ కుడిచేతిలో ఒక వెదురు కర్ర, అంతే. ఎడమచేతికి మణికట్టు నుంచి భుజం దాకా బిగుతైన తొడుగు. ఆ తొడుగు చూసి దారిలో ఎవరో పిల్ల ‘క్రికెట్ ఆడతావా అవ్వా?’ అని అడిగింది. ‘ఆడతా. బౌలింగే’ అంది ఆవిడ.

పొద్దెక్కేకొద్దీ అడవి తేటపడింది. మాఘమాసం చివర కాబట్టి సగం చెట్లకు ఆకుల్లేవు. నల్లమద్ది, ఏగిస, తునికి, ఎక్కడ చూసినా వెదురు పొదలు. ఆకులు రాల్చేసిన కొండగోగు చెట్టు పచ్చటి పూలతో నిలబడి ఉంది. మోదుగ ఎర్రగా మొదలైంది. కొమ్మల మీద కొండముచ్చులు వచ్చేపోయే జనాన్ని తీరుబడిగా చూస్తున్నాయి. దారంతా మాల వేసుకున్న స్వాములు ఇరుముళ్లతో, పిల్లల్ని భుజాన ఎత్తుకున్న నాన్నలు, కన్నడం మాట్లాడే గుంపులు. కర్ణాటక వాళ్లు అసలు ఎక్కువగా వచ్చేది ఉగాదికి. భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచని వాళ్ల నమ్మకం. మల్లన్న ఒకరికి అల్లుడు, భ్రమరాంబ ఒకరికి ఆడపడుచు. ఎటు చూసినా చుట్టరికమే తప్ప ఒట్టి దేవుళ్లుగా వాళ్లను ఎవరూ చూడటం లేదు.

గుంపు గుంపుకీ ఒకే కేక. ‘చేదుకో మల్లన్నా... ఆదుకో మల్లన్నా!’ ఆదుకోవడం తెలిసిందే. చేదడం అంటే బావిలోంచి నీళ్లు తోడటం. బావుల్లేని ఊళ్లలో పెరిగిన పిల్లలకు ఆ మాట తెలియకపోవచ్చు. లోతులో పడి ఉన్నాం, తాడేసి పైకి లాక్కో సామీ అని అర్థం. ఆ మాట ఎందుకు పుట్టిందో భీముని కొలను దగ్గరికి పోయాక ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

మఠంబావి ఇంకా రాలేదు. దారి సన్నబడి పక్కన పరికి పొదలు. ఎదురుగా ఓ స్వాముల గుంపు పరుగులాంటి నడకతో వచ్చేసరికి ఆవిడ పక్కకు తప్పుకుంది. తొడుగు లేని చోట, సరిగ్గా ఎడమ అరచేతి వెనక, ముల్లు ఓ అంగుళం పొడుగున గీరింది. నెత్తురు చుక్కలు వరసగా పైకొచ్చాయి. వేరే ఎవరికైనా అది గాయమే కాదు. చీరకొంగుతో తుడుచుకుని పోతారు.

ఆయన సంచులు కింద పడేశారు. ముఖం తెల్లబోయింది. మంచినీళ్లతో కడిగారు. దూది అద్దారు. మందు రాసే ఆయన వేళ్లు వణుకుతున్నాయి. ఆ దారిన వచ్చిన ఓ చెంచు వాచర్ ఆగి, గడ్డిచేమంతి ఆకు నలిపి పసరు పిండుతానన్నాడు. ‘వద్దులే అన్నా, మందు పూసుకున్నా’ అంది ఆవిడ. అతను తలూపి, ‘ముందల కైలాస ద్వారం కాడ డాక్టర్లున్నారు, ఎనక్కి పోతే పెద్దచెరువు కాడుండారు. మీ ఇష్టం’ అని చెప్పి వెళ్లిపోయాడు.

ఇద్దరూ దారి పక్కన బండ మీద కూర్చున్నారు.

‘పోదాం పద. వెనక్కి’ అన్నారాయన.

‘ఎందుకు?’

‘ఎందుకేమే? రాత్రికి చెయ్యి వాచిందంటే? జ్వరమొస్తే ఈ అడవిలో ఏం చేస్తాం? పెద్దచెరువు నుంచి జీపు దొరుకుతుంది. దోర్నాల మీదుగా బస్సులో పోయి దండం పెట్టుకుందాం. మల్లన్నేం కాదనడు.’

ఆ మాటల్లో తప్పేం లేదు. నిజానికి ఆయన చెప్పిందే సబబు. వెనక్కి దారి తెలుసు, ముందు దారి తెలియదు. ముందున్నది భీముని కొలను. నిట్టనిలువు లోయ. దిగితే ఎక్కాల్సిందే. సగంలో ఆగిపోవడానికి లేదు.

ఆవిడ కాసేపు చెయ్యి చూసుకుంది. ‘ముందుకెంత దూరమో వెనక్కీ అంతే కదండీ’ అంది.

‘నీకు చెప్తే అర్థం కాదా? నేనొక్కణ్నే వస్తానంటే విన్నావా నువ్వు?’ గొంతు పెరిగింది. పోతున్న వాళ్లు తిరిగి చూశారు. ముప్ఫై నాలుగేళ్లలో బజార్లో ఆవిడ మీద అరిచిన మనిషి కాదాయన.

ఆవిడ మాత్రం గొంతు పెంచలేదు. ‘నా ప్రాణానికి మొక్కి, నన్ను ఇంట్లో పెట్టి తీర్చుకొస్తానంటే ఎట్లా కుదురుతుంది?’ అంది.

ఆయన నోరు తెరిచి మూశారు.

‘డైరీ చూశా. ఇన్సూరెన్స్ వాళ్లకి బిల్లులు కావాలన్నారు కదా, అప్పుడు. తారీఖు చూసే సరికి తెలిసిపోయింది.’

‘మరి ఇన్నాళ్లూ...’

‘మీరు చెబుతారేమోనని చూశా.’

చాలాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. ‘చేదుకో మల్లన్నా’ అంటూ రెండు గుంపులు దాటిపోయాయి. ఆయన తల వంచుకుని ట్యూబు మూత పెడుతున్నారు, పెట్టిన మూతే మళ్లీ తీసి పెడుతున్నారు. చివరికి, ‘ఆ రోజు ఎవరికి చెప్పుకోవాలో తెలీలేదే’ అన్నారు. అంతే. అంతకంటే ఎక్కువ ఆయన అప్పుడూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. మన ఇళ్లలో మగవాళ్లకు ఆ మాత్రం చెప్పడానికే రెండేళ్లూ ఒక అడవీ కావాల్సి వస్తుంది.

ఆవిడ సంచిలోంచి టేపు తీసి ఆయన చేతికిచ్చింది. ‘ఇప్పుడు కొలవండి. భీముని కొలను ముందర మళ్లీ కొలుద్దాం. ఏమైనా తేడా ఉంటే మీరు చెప్పినట్టే వింటా.’

తొడుగు దించి కొలిచారు. డైరీలో అంకె వేసుకున్నారు. ముల్లు గీరిన చోట గాజుగుడ్డ చుట్టి, చెయ్యి కిందికి వేలాడకుండా ఆయన కండువాను మెడకు కట్టి అందులో పెట్టారు. నడిచారు. ఈసారి ఆవిడ ముందు. చెయ్యి కనబడుతుండాలని ఆయనే వెనక నడుస్తానన్నారు.

మఠంబావి దగ్గర జొన్నరొట్టెలు విప్పారు. పక్కనే ఆలూరు వైపు నుంచి వచ్చిన ఓ ముసలామె, డెబ్బై దాటి ఉంటాయి, ఉత్త కాళ్లు. ఎన్నోసారో తానే లెక్క మర్చిపోయానంది. ‘ఎవురి మొక్కు తల్లీ?’ అని అడిగింది. ‘ఆయనది’ అంది ఈవిడ. ముసలామె ఆయన్ని కింది నుంచి పైదాకా చూసి, ‘మగోళ్లు మొక్కుతారులే. తీర్చేటప్పుడు మనం గదా మోసేది’ అని నవ్వింది. రెండు సంచులూ మోస్తున్న ఆయన ఆ మాటకు చిన్నబుచ్చుకున్నారు. రొట్టె మాత్రం సగం తుంచి ముసలామె చేతిలో పెట్టారు.

భీముని కొలను పైకి వచ్చేసరికి ఎండ నడినెత్తికి ఎక్కింది. అప్పటిదాకా చదునుగా వచ్చిన అడవి అక్కడ ఒక్కసారిగా తెగిపోతుంది. రెండు పక్కలా గోడల్లాంటి రాతి చరియలు, కింద ఎక్కడో నీళ్ల మెరుపు. అవతలి కొండ మీదికి పాకుతున్న మనుషులు చీమల బారులా ఉన్నారు. ‘అక్కడికా మనం పోవాల్సింది?’ అన్నారాయన. ఎవరూ జవాబు చెప్పలేదు.

చెయ్యి కొలిచారు. మణికట్టు అంతే ఉంది. మోచేతి పైన ఒక గీత ఎక్కువ. టేపు వదులుగా పట్టుకున్నారని ఆవిడ, గట్టిగానే పట్టుకున్నానని ఆయన. చివరికి ఒక గీత వాపు కిందికి రాదని తీర్మానించారు.

దిగడం మొదలైంది. ఎక్కడం కష్టమనుకుంటారు కానీ మోకాళ్లకు అసలు శత్రువు దిగుడు. ఒంటి బరువూ, మోసే బరువూ కలిసి ఒక్కో మెట్టు మీదా మోకాలి చిప్పనే నొక్కుతాయి. మెట్లేమో ఒకటి జానెడు, ఇంకోటి మూరెడు. వేలాది పాదాలకు అరిగి నున్నగా ఉన్నాయి. ఆవిడ కర్ర ఆనించి, పక్కగా తిరిగి, చంటిపిల్ల మెట్లు దిగినట్టు రెండు కాళ్లూ ఒకే మెట్టు మీద పెట్టుకుంటూ దిగింది. ఆయనకు అంత ఓపిక లేదు. అడుగున కొలను దగ్గరికి వచ్చేసరికి తొడలు వణకడం మొదలైంది. నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు. కూర్చున్నవారు లేవలేదు.

‘ఏమండీ, చెమటలేంటి ఇట్లా?’ ఆవిడ నుదురు తాకి చూసింది. చల్లగా ఉంది. పొద్దున షుగర్ మాత్ర వేసుకున్నారు. రొట్టె సగం ముసలామెకి ఇచ్చారు. మిగిలిన సగం, ఆవిడ చేతి మీద బెంగతో, తిన్నారో లేదో కూడా గుర్తులేదు. షుగర్ మందులు వాడేవాళ్లు తిండి తగ్గించి ఒళ్లు అలిసేలా నడిస్తే రక్తంలో చక్కెర పడిపోతుంది. చెమట, వణుకు, కళ్లు తిరగడం అప్పుడే వస్తాయి. నెలల తరబడి ఆస్పత్రుల్లో గడిపిన మనిషికి ఇలాంటివి ఎవరూ నేర్పనక్కర్లేదు. సంచిలోంచి బెల్లం ముక్క తీసి ఆయన నోట్లో పెట్టింది. ఇంకో ముక్క. గుప్పెడు బొరుగులు. నీళ్లు. పదిహేను నిమిషాలకు ముఖంలో రంగు వచ్చింది. ఇంకో అరగంట అక్కడే కూర్చోబెట్టింది.

పొద్దుట్నుంచీ ఆయన ఆవిడ చెయ్యి చూస్తూ వచ్చారు. ఆయన సంగతి చూసినవాళ్లు లేరు, ఆయనతో సహా.

‘చిన్న సంచి ఇట్లా ఇవ్వండి’ అంది.

‘నువ్వు మోయకూడదు.’

‘ఎడమ చేత్తో మోయకూడదు. కుడి భుజానికేం రోగం?’

ఇచ్చారు. పెద్ద సంచిని ఓ కుర్ర స్వామి అడక్కుండానే తీసుకుని, ‘పైన ద్వారం కాడ పెట్టి ఉంటా పెద్దాయనా’ అని చకచకా ఎక్కేశాడు. ఆ సంచి దొరుకుతుందా లేదా అని ఇద్దరిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. ఊళ్లో అయితే వచ్చేది.

ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో వాళ్లు చెప్పలేరు. ఆవిడే లెక్క పెట్టింది. ఇరవై మెట్లు ఎక్కడం, ఆగడం. తర్వాత పదిహేనే. తర్వాత పది. ఆగిన ప్రతిసారీ ‘చెయ్యి పైకెత్తి పెట్టుకో’ అని ఆయన, ‘ఇంకో బెల్లం ముక్క వేసుకోండి’ అని ఆవిడ. మధ్యలో ఓ మలుపు దగ్గర ఆయన మెట్టు మీద కూలబడి, ‘నువ్వు పోయి దండం పెట్టుకునిరా. నేనిక్కడ చెప్పులు చూస్తుంటా’ అన్నారు. ఆవిడకు నవ్వొచ్చింది. నవ్వు ఆగలేదు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. వెనక వస్తున్నవాళ్లు ఏమైందోనని ఆగిపోయారు. అందులో ఆలూరు ముసలామె కూడా ఉంది. ‘చేదుకో మల్లన్నా’ అని అరిచి, ఆయన జబ్బ పట్టుకుని లేపింది. ఆయన కూడా, ఆ రోజంతటిలో మొదటిసారి, ‘ఆదుకో మల్లన్నా’ అన్నారు. మెల్లగానే.

కైలాస ద్వారం దాటేసరికి పొద్దు వాలింది. సంచి ద్వారం పక్కన బండ మీద భద్రంగా ఉంది. దాని మీద ఎవరో బూడిద చల్లి, ఓ మోదుగ పువ్వు కూడా పెట్టారు. వైద్య శిబిరంలో నర్సమ్మ ఆవిడ చెయ్యి చూసి, గాయం మళ్లీ శుభ్రం చేసి, మూడు రోజులు ఎర్రబడితే, వేడి తగిలితే, జ్వరమొస్తే ఆగకుండా డాక్టరు దగ్గరికి పొమ్మంది. బీపీ పట్టీ కట్టబోతే ‘ఆ చెయ్యి కాదమ్మా, ఈ చెయ్యి’ అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. తర్వాత ఆయన వేలి నుంచి చుక్క రక్తం తీసి షుగర్ చూసింది. అంకె చూసి ‘తిని నడవాలి సార్, ఇంత వయసొచ్చి...’ అని మందలించింది. ఆయన బుద్ధిగా తలూపారు.

అక్కడి నుంచి శ్రీశైలానికి ఆటోలూ, జీపులూ ఉన్నాయి. హాటకేశ్వరం, సాక్షి గణపతి మీదుగా నడిచిపోయే వాళ్లూ ఉన్నారు. మొక్కంటే గుడి దాకా నడవాలి కదా అని ఆయన సందేహం. ‘డైరీలో గుడి దాకా అని రాయలేదు మీరు’ అంది ఆవిడ. జీపెక్కారు.

సాక్షి గణపతి దగ్గర మాత్రం దిగారు. శ్రీశైలం వచ్చినట్టు ఆ స్వామి కైలాసంలో సాక్ష్యం చెబుతాడని నమ్మకం. చేతిలో కలం, పుస్తకం పట్టుకుని వచ్చినవాళ్ల లెక్క రాసుకుంటుంటాడు. లెక్కలు రాసే దేవుడు కాబట్టి కాబోలు, క్యాషియరు గారు ఆయన ముందు కాస్త ఎక్కువసేపే నిలబడ్డారు.

మర్నాడు శివరాత్రి. దర్శనం క్యూలో గంటలకొద్దీ నిలబడ్డారు. రాత్రి గుడి దీపాలన్నీ ఆర్పేసి, చీరాల వైపు నుంచి వచ్చే నేతన్న ఏడాది పొడుగునా రోజుకో మూర చొప్పున నేసిన పాగాను విమాన గోపురం నుంచి నవనందులకు చుట్టే వేళ, చీకట్లో లక్షల మంది మధ్య నిలబడి, ఆయన ఆవిడ కుడిచెయ్యి పట్టుకున్నారు. జనంలో తప్పిపోతుందని భయమట. అదే చెప్పారు.

శనివారం కర్నూలులో, కాఫీ తాగాక, టేపు తీశారు. మణికట్టు దగ్గర పాత అంకే. మోచేతి పైన ఒక గీత ఎక్కువ. రెండు వారాలు చూసి మళ్లీ డాక్టరుకు చూపిద్దామనుకున్నారు. ఆ పేజీలోనే, కింద, ఆవిడ కలం తీసుకుని ఆయన షుగర్ అంకె కూడా రాసింది. అప్పట్నుంచీ ప్రతి శనివారం ఆ డైరీలో రెండు లెక్కలు పడుతున్నాయి.